కనుమ దగ్గరి కబురు

లామ్‌దాడా విమానాశ్రయంలో గాలినీ మబ్బునూ చూసి చెప్పే ఉద్యోగం కర్ణబహదూర్ రోకాయాది. ఇరవై ఒక్క ఏళ్లుగా అదే పని. తెల్లారగానే టవరెక్కి, తూర్పు కొండ ఎంతవరకు కనబడుతోందో, గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో రాసుకుని, నేపాల్‌గంజ్‌కి రేడియోలో చెప్పేవాడు. ఆయన సరేనంటేనే అక్కడ విమానం లేచేది. రన్‌వేకి ఒక చివర కొండ, రెండో చివర లోయ. పొద్దున పది దాటితే లోయలో గాలి లేస్తుంది, ఇక ఆ రోజుకి ఎవరూ దిగలేరు. అందుకే పైలట్లు దిగగానే ఆయన దగ్గరికొచ్చి టీ తాగి వెళ్లేవారు. బజార్లో నడుస్తుంటే ఊరివాళ్లు అన్న వరసతో ఆపి, "దాయ్, రేపు విమానం వస్తుందా?" అని అడిగేవారు. "చూద్దాం" అనేవాడు. తెలిసినా చెప్పకపోవడంలో ఆయనకో సుఖం ఉండేది.

కిందటేడు కొండల మధ్యనున్న కనుమ దాకా మొబైల్ సిగ్నల్ వచ్చింది. ఆ సుఖం పోయింది.

విమానాలు దాటి రావాల్సిన కనుమ టవర్‌కి కనబడదు, మధ్యలో కొండ అడ్డం. అక్కడ జసుకలా బుఢా అనే ఒంటరి మనిషి టీ కొట్టు నడుపుతూ, నాలుగు జడలబర్రెల్ని మేపుకుంటూ ఉంటుంది. క్యాప్టెన్ తులాధర్ ఒకసారి సెలవులో ఆ దారిన నడిచొచ్చి, ఆమె దగ్గర టీ తాగి, నంబరు తీసుకుపోయాడు. అప్పట్నుంచి బయల్దేరే ముందు ఆమెకి ఫోన్ చేయడం మొదలెట్టాడు. చూస్తుండగానే మిగతా పైలట్లకీ అదే అలవాటైంది; ఆమె అందరికీ దిదీ, అక్క అయిపోయింది.

"నైరుతి గాలి, ఆరు నాట్ల వేగం. ఆకాశం నిర్మలం" అని కర్ణబహదూర్ చెబితే, "మంచిది. దిదీ కూడా బాగుందంది. వస్తున్నాం" అనేవాడు తులాధర్.

ఆ 'కూడా' ఆయన చెవిలో ముల్లులా దిగేది.

"మబ్బుల పేర్లు కూడా తెలీని మనిషి" అనేవాడు ఇంట్లో. "పాలమీద మీగడ కట్టినట్టుందని చెబుతుందట. అదో రిపోర్టా?"

"మీగడంటే నాకర్థమైంది" అనేది భార్య మన్‌సరా. "నువ్వు చెప్పేదే పెళ్లయిన ఇన్నేళ్లకీ అర్థం కాలేదు."

చలికాలంలో తులాధర్ ఒక ఎర్ర స్వెట్టర్ తెచ్చి, దిదీకి పంపించమని టవర్లో ఇచ్చాడు. ఇరవై ఒక్క ఏళ్లలో తనకెవరూ ఓ టోపీ అయినా తేలేదు. కంచరగాడిదల వాళ్లు రోజూ కిటికీ ముందు నుంచే కనుమకి వెళ్తున్నా, నాలుగు రోజులు దాన్ని బల్ల కింద పెట్టుకుని, అయిదో రోజు పంపాడు.

ఫాల్గుణ మాసంలో ఓ ఉదయం నేపాల్‌గంజ్‌లో విమానం లేచిన కాసేపటికి ఆయన ఫోన్ మోగింది.

"దాయ్, నేను జసుకలాని. క్యాప్టెన్ ఫోన్ కలవట్లేదు. కింద నుంచి మబ్బు ఎక్కుతోంది. పావుగంటలో కనుమ మూసుకుపోతుంది. వాళ్లకి చెప్పండి."

కిటికీలోంచి చూశాడు. ఆకాశం కడిగినట్టుంది. గాలి చూపే గుడ్డ కర్రకి వేలాడుతూ కదలకుండా ఉంది. "సరే" అని ఫోన్ పెట్టేశాడు. రేడియో చేతికందేంత దూరంలోనే ఉంది. తీయలేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఈమె మాట తప్పు కావాలి అనుకున్నాడు.

పావుగంటకి తులాధర్ గొంతు వినిపించింది. "టవర్, కనుమ కనబడట్లేదు. మబ్బులో ఉన్నాం. వెనక్కి తిరుగుతున్నాం."

తర్వాత గొంతు లేదు. కర్ణబహదూర్ ఎన్నిసార్లు పిలిచినా జవాబు రాలేదు. అందులో పద్నాలుగు మంది ప్రయాణికులు. కిటికీ బయట ఎండ హాయిగా కాస్తోంది. ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఏడు నిమిషాలకి "బయటపడ్డాం" అన్న మాట వచ్చింది.

ఆయన్నెవరూ ఏమీ అడగలేదు. మర్నాడు తులాధర్ దిగి, టీ గ్లాసు అందుకున్నాక కర్ణబహదూరే చెప్పాడు. "నిన్న దిదీ ముందే ఫోన్ చేసింది. నేను మీకు చెప్పలేదు."

"మర్చిపోయారా?"

"లేదు."

తులాధర్ తాగడం ఆపాడు. "నాకిద్దరు ఆడపిల్లలు, దాయ్" అని గ్లాసు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. పైవాళ్లకి ఫిర్యాదు చేయలేదు. మళ్లీ టీకి మాత్రం రాలేదు.

శనివారం కర్ణబహదూర్ కనుమకి నడిచి వెళ్లాడు. జసుకలా ఎర్ర స్వెట్టరేసుకుని పొయ్యి ఊదుతోంది. ఉప్పు టీ పోసిచ్చి, "చెప్పలేదు కదా మీరు" అంది.

"లేదు."

"నామీద కోపమేంటి?"

"కోపం కాదు. నన్నడిగేవాళ్లు ఇప్పుడు నిన్నడుగుతున్నారు."

ఆమె ఎదురుగా కూచుంది. "మా ఆయన్ని జ్వరంతో రన్‌వే దాకా మోసుకొచ్చాం, పదేళ్ల కిందట. గాలి లేచింది, ఇవాళ రాదు అని మీరు టవర్ మీంచి ఒక్క మాటన్నారు. అంతే, అందరూ లేచి వెళ్లిపోయారు. మిమ్మల్ని చూసి ఎంత కుళ్లుకున్నానో. ఒక మనిషి నోటికి అంత బలమా అని. మీ తప్పేం లేదు, గాలి నిజంగానే లేచింది. చెట్లు ఊగడం నేనూ చూశాను. అప్పట్నుంచే గాలిని చూడటం అలవాటైంది."

ఆ రోజేదో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. రాలేదు. అలాంటి రోజులు చాలా ఉన్నాయి.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే ముందు ఆమెకే ఫోన్ చేసి, ఆమె చెప్పింది రిజిస్టర్లో ఆమె పేరుతోనే రాయడం మొదలుపెట్టాడు. మీగడంటే మీగడ అనే. కుళ్లు పోయిందా అంటే పోలేదు. చైత్రంలో ఒకరోజు ఆమె కనుమ తెరిపిగా ఉందంది, విమానం సగం దారిలో వెనక్కి పోయింది. ఆయనకి ఒళ్లు తేలికైంది. కాసేపటికి సిగ్గేసింది. మధ్యాహ్నం ఆమే ఫోన్ చేసింది.

"ఇవాళ తప్పు చెప్పాను. రాసుకున్నారా?"

"రాశాను."

"ఉండనివ్వండి, కొట్టేయకండి" అని, బర్రె ఎటో పోతోందంటూ ఫోన్ పెట్టేసింది.