గడి ముందర ఆగని సైకిలు

పోయిన ఆదివారం పొద్దున మనవడు తన కారులో నన్ను ఆలేరు అవతల ఉన్న మా అక్క ఊరికి తీసుకుపోతుంటే, దారిలో దొర గడి దగ్గర ఒక సైకిళ్ళ గుంపు కనిపించింది. అంతా పట్నం పిల్లలు, ఒంటికి అతుక్కున్న రంగుల బట్టలు, తలకు గట్టి టోపీలు, సైకిళ్ళకే తగిలించిన నీళ్ళ సీసాలు. ఎత్తుపల్లాలు లేని దారి, లారీల గోల లేదు, రెండు పక్కలా పత్తి చేలు, అందుకే సెలవు దొరికితే ఇటే వస్తామని మనవడితో అన్నారట. వాళ్ళు సరిగ్గా గడి ముఖద్వారం ముందర సైకిళ్ళు దిగి, దానికి వీపు పెట్టి నిలబడి, నవ్వుతూ ఫోటోలు తీసుకుంటున్నారు. అది చూసి మనవడికి ఊరుకోబుద్ధి కాలేదు. మా తాత ఒకప్పుడు ఇదే గడి ముందు నుంచి, లోపల మిలిటరీ ఉండగా, సైకిలు దిగకుండా పోయాడని వాళ్ళకు చెప్పడానికి కారు ఆపి దిగిపోయాడు. పిల్లలంతా నా వైపు తిరిగి చేతులు ఊపారు. నేనూ ఊపాను, ఏం చేయను.

మన ఈడువాళ్ళకు విడమరిచి చెప్పనక్కరలేదు గాని, గడి లేని ఊళ్ళో పుట్టిన అదృష్టవంతులు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం చెబుతున్నాను. గడి అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు, దాని ముందు నుంచి మాబోటివాళ్ళు సైకిలెక్కి పోకూడదు. మొదటి రాతిస్తంభం దగ్గర దిగాలి, చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి, భుజం మీది తువ్వాల చంకలోకి పోవాలి, తల వంచి సైకిలును నడిపించుకుంటూ పోయి రెండో స్తంభం దాటాక గాని మళ్ళీ ఎక్కకూడదు. ఎక్కితే ఏమవుతుందని ఎవరూ అడిగేవారు కాదు. మా నాయిన వెనకాల నడుస్తూ నేనూ ఆ విద్య చిన్నప్పుడే నేర్చుకున్నాను.

పద్దెనిమిదేళ్ళకు నేను ఆలేరు స్టేషను ఎదురుగా ఉన్న కిరాయి సైకిళ్ళ దుకాణంలో పనికి కుదిరాను. కుదిరాననడమే గాని ఒకచోట కుదురుగా కూర్చున్నది ఎప్పుడు, బ్రేకు బాగుచేశాను, ఒకసారి తొక్కి చూసొస్తానని చెప్పి రెండు కోసుల దూరం పోయి వచ్చేవాణ్ణి. కాలుగాలిన పిల్లి అని దుకాణం యజమాని నాకు పేరే పెట్టాడు. ఏ బాటలో ఇసుక చక్రాన్ని పట్టేస్తుందో, ఏ తాటిచెట్ల వరస దగ్గర ఎదురుగాలి తగ్గుతుందో, జొన్నచేల మధ్య ఎక్కడ చేతులు వదిలేసి తొక్కవచ్చో నాకు కంఠతా వచ్చు. అక్క ఊరికి తిన్నని బాట గడి మీదుగానే పోతుంది. నేను మాత్రం ఆ బాట వదిలి, చెరువు కట్ట కింది నుంచి తుమ్మముండ్లలో పడి కోసున్నర చుట్టు తిరిగి పోయేవాణ్ణి. దిగడం నాకు అంత మంట.

తర్వాత దొరల మీద తిరగబడిన సంఘం వచ్చింది, దొర పట్నం పారిపోయాడు. ఆ వారంలోనే మా బావ నేను పనిచేసే దుకాణానికి వచ్చి ఒక సైకిలు కిరాయికి తీసుకుని, మా అక్కను వెనక కూర్చోబెట్టుకుని, ఊరంతా చూస్తుండగా గడి ముందు నుంచి తొక్కుకుపోయాడు. నేను ఇంకో సైకిలు మీద వాళ్ళ వెంటే ఉన్నాను. ఇన్నేళ్ళూ తల వంచుకుని నడిచిన మనిషి గదా, అక్క ఆ రోజే దాన్ని తేరిపార చూసింది, సాయంత్రం నాతో గడి గింతేనా తమ్మీ అంది. ఆమె ముఖంలో అంత వెలుగు ఆమె పెండ్లి నాడు కూడా నేను చూడలేదు.

ఆ వెలుగు ఎన్నాళ్ళో నిలవలేదు. పోలీసు చర్య జరిగింది, రజాకార్ల పీడ పోయిందని ఊళ్ళు ఊపిరి పీల్చుకున్నాయి, అంతలోనే సంఘం వాళ్ళ కోసం వేట మొదలైంది. బావను పట్టుకుపోయారు. గడిలో మిలిటరీ క్యాంపు పడింది, ఆ ట్రక్కుల వెనకే దొర కూడా తిరిగి వచ్చాడు. మళ్ళీ దిగాలని ఎవరూ చాటింపు వేయలేదు, జనమే ఒకరిని చూసి ఒకరు దిగడం మొదలుపెట్టారు. అక్క అప్పటికి నిండు నెలల మనిషి. గడి ముంగట దిగి వచ్చేటోడు నా గడప తొక్కొద్దని వాకిట్లో నిలబడి అందరికీ చెప్పింది, నాకూ చెప్పింది.

వానాకాలంలో అక్కకు కొడుకు పుట్టాడు. వారం తిరగకముందే బాలింత జ్వరం పట్టుకుంది, మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ తెలివి తప్పుతోందని ఒక బండి అతను దుకాణానికి వచ్చి కబురు చెప్పాడు. స్టేషను దగ్గరి డాక్టరు మందుసీసా చేతిలో పెట్టి, ఇప్పటికే ఆలస్యమైంది, ఇది ఎంత తొందరగా పడితే అంత మంచిదన్నాడు. చుట్టుదారిలో చెరువు అలుగు పారుతోంది. మిగిలింది గడి దారే. ఆ రోజుల్లో సైకిలు మీద పోయే పడుచువాడంటేనే అనుమానం, మందు దొరికితే అడవిలో దాక్కున్న సంఘం వాళ్ళకు తీసుకుపోతున్నావని మిలిటరీవాళ్ళు లాక్కునేవారు. సీసాను తువ్వాలలో చుట్టి నడుముకు కట్టుకున్నాను. ఏమైనా సరే దిగను, అడ్డం వస్తే ఇంకా గట్టిగా తొక్కుతాను అని దారి పొడవునా నాకు నేనే చెప్పుకుంటూ తొక్కాను.

మొదటి స్తంభం వచ్చింది. నన్ను ఎవరూ ఆపలేదు. గేటు దగ్గర ఒక సిపాయి ఒట్టి బనీనుతో కూర్చుని ఉల్లిగడ్డలు కోసుకుంటున్నాడు, నా వైపు తల కూడా ఎత్తలేదు. దొర ఆ రోజు ఊళ్ళోనే లేడని తర్వాత తెలిసింది. అయినా నేను దిగాను. మందు కోసం దిగానని ఎన్నోసార్లు నాకు నేను చెప్పి చూసుకున్నాను గాని, అది అబద్ధం. ఆ క్షణంలో మందు గుర్తే లేదు, నా కాళ్ళు వాటంతట అవే దిగాయి. చెప్పులు విడిచాను, తల వంచాను, ఉల్లిగడ్డలు కోసే ఒక్క మనిషి ముందు నుంచి సైకిలు నడిపించుకుంటూ పోయాను. రెండో స్తంభం దాటాక మళ్ళీ ఎక్కి, అక్క ఊరు వచ్చేదాకా వెనక్కి చూడకుండా తొక్కి, సైకిలును ఆమె గుమ్మం ఎదురుగా వాకిట్లో నిలబెట్టాను.

అక్క కండ్లు తెరిచింది. మందు సంగతి అడగలేదు.

"గడి ముంగట్నుంచే వచ్చినవా? దిగినవా తమ్మీ?"

"దిగలే అక్కా."

అప్పుడు నోరు తెరిచి మందు తాగింది. మూడో నాటికి జ్వరం జారింది, కూర్చోగలిగిన రోజే నా సంగతి ఊరంతా చెప్పింది. జైలు నుంచి వచ్చాక బావ నన్ను కౌగిలించుకుని ఏడ్చాడు. ఆ తర్వాత ఏ పెండ్లిలో నలుగురు కూడినా ఆ కథే, నేను మధ్యలో లేచి బయటికి పోయేవాణ్ణి, వాళ్ళు దాన్ని నా వినయం అనుకునేవారు. ఒక ఊళ్ళో, ఒక పనిలో నేను ఎన్నడూ నిలవలేదు. ఎక్కడ కూర్చున్నా ఎవరో వచ్చి నిజం అడుగుతారని భయం.

నాలుగేండ్ల కింద అక్క మంచం పట్టినప్పుడు, ఇక దాచలేక, చెప్పేద్దామని పోయాను. నేను గొంతు సవరించుకునే లోపే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"గా దినం నీ చెప్పులు హాండిలుకు వేలాడుతుండె తమ్మీ. జ్వరం ఉండె గని, కండ్లు పోలేదు గద."

మరి అందరికీ అట్లా ఎందుకు చెప్పావని అడిగాను. నువ్వు దిగలేదని విన్నంకనే గద ఊర్లె ఒక్కొక్కరు దిగుడు బంద్ జేసిండ్రు అని, ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ మాట నిజమే. మా అక్క చెప్పిన నెలలోపే ఇద్దరు దిగకుండా పోయారు, ఆ పైన పదిమంది, ఆ పైన ఎవరూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు గడి ముందర దిగేవాళ్ళు ఫోటోల కోసం దిగుతున్నారు, ముద్దొచ్చే పిల్లలు, ఎవరికీ తల వంచే పని లేదు. ఆ తల ఎత్తడంలో నా పాలు ఉందో లేదో నాకు తేలడం లేదు, తేల్చాల్సిన మనిషి పోయింది. మనవడు నవ్వుతూ తిరిగి వచ్చి కారు కదిలించాడు. రెండో స్తంభం కూడా దాటాక, కాళ్ళకు చల్లగా ఏదో తగిలినట్టుంటే వంగి చూసుకున్నాను. నా చెప్పులు విడిచి పక్కన పెట్టి ఉన్నాయి. ఎప్పుడు విడిచానో నాకే తెలియదు.