కార్డు మీద బీరు

పండగ వీడియోలు ఎడిట్ చేసే బెనీటా, కొత్త గ్రాఫిక్స్ కార్డు మీద బీరు పోసి కాల్చేసుకుందని ఎల్ ఆల్తో అనే ఊరి సంతంతా ఒకటే గుసగుస. ఆ మాట పుట్టించింది కార్డు అమ్మిన ఫ్రోయిలానే.

భూమాతకు బీరు చల్లకుండా అక్కడ ఎవరూ కొత్త వస్తువు వాడరు. బెనీటా కూడా చల్లింది, గుమ్మం ముందు నేల మీద. తీరా కార్డు బిగిస్తే పాత కంప్యూటర్ తెర వెలగలేదు. ఆ సంగతి ఫ్రోయిలాన్‌కు ఫోన్ చేసి చెప్పింది. ఆదివారానికి నాట్యబృందం వాళ్ల వీడియో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇక ఎవరూ పని చెప్పరు. కంప్యూటర్ డబ్బాను వీపున మూటకట్టుకుని సంతకు వెళ్లింది.

"తాగిన కార్డు నిలబడుతుందా చెల్లెమ్మా?" అన్నాడు ఫ్రోయిలాన్. చుట్టుపక్కల కొట్లవాళ్లు నవ్వారు.

ఎన్నడూ నోరెత్తని బెనీటాకు ఒళ్లు మండింది.

"వాసన చూడన్నా. ఈ డబ్బాకు సరిపోతుందా అని మూడుసార్లు అడిగాను. కళ్లు మూసుకుని బిగించుకో అన్నావు. పైగా ఊరందరిలో నన్ను తెలివితక్కువదాన్ని చేస్తావా?"

అతను తలదించుకుని వైర్లు సర్దుతున్నట్టు నటించాడు.

ఎదురు కొట్టులో రేడియోలు బాగుచేసే పెద్దావిడ దోన్యా ఎలోదియా నవ్వలేదు. డబ్బా విప్పి, పెద్ద పవర్ సప్లై ఒకటి తగిలించి మీట నొక్కింది. తెర వెలిగింది.

కార్డుకు ఏమీ కాలేదు. పాత పవర్ సప్లై ఇచ్చే కరెంటు దానికి చాలలేదు.