సర్వరు మీద దాసన్న అర్జీలు

అర్జీ పెట్టనిదే దాసన్నకు అన్నం సహించదు. ముప్పై ఏళ్లు కాలువ మీద లస్కరుగా, పొలాలకు నీళ్లొదిలే తూములు తిప్పాడు. అన్నేళ్లూ రైతుల అర్జీలు పైవాళ్లకు మోసి మోసి, రిటైరయ్యాక ఆ ఊపు ఆపుకోలేకపోయాడు. వీధి కుళాయి మీద అర్జీ, బస్సు బోర్డు మీద అర్జీ. ఒకసారి వంకాయ కూరలో ఉప్పు తగ్గిందని భార్య జీవమ్మకే అర్జీ రాసిచ్చాడు. ఆమె దాని వెనకవైపు సరుకుల చీటీ రాసి, ఆయన్నే అంగడికి పంపింది.

అయితే ఆయన అర్జీల్లో సగానికి పైగా ఒకే ముద్దాయి మీద. ఆ ముద్దాయి పేరు సర్వరు.

2007 నాటి మాట. కోయిలకుంట్ల బస్టాండు ఎదుట ప్రదీప్‌కుమార్ నెట్ సెంటర్ పెట్టాడు. వాళ్ల నాన్న బట్టల అంగడికి రమ్మంటే, తమ్ముణ్ణి పంపి తప్పించుకున్న మనిషి. ఆరు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, మూలన జిరాక్స్ మిషన్, దాని పక్కన నేను. అప్పుడే ఏదో నెట్ ఆట వచ్చింది. ఆరుగురు ఒక జట్టుగా కోట తలుపు కాయాలి, ఇంకే ఊరి నుంచో ఇంకో జట్టు వచ్చి మీద పడుతుంది. మావాళ్లు దాన్ని కోటాట అనేవాళ్లు.

దాసన్న ఏనాడూ మౌసు పట్టుకోలేదు. ఫ్యాను కింద ముక్కాలిపీట వేసుకుని, జట్టులో ఒకడైన ఏసుకుమార్ వెనకే కూచునేవాడు. ఆట మంచి పట్టులో ఉండగా, ముందున్న తెర మీద బాణం గుర్తు ఆగితే చాలు, గభాలున లేచేవాడు.

"పాయ! సర్వరు పాయ! నిలబడిపాయ! ఏమప్పా జిరాక్సూ, కాగితం తీయ్!"

నాకున్న ఇంగ్లీషు పాత డిక్షనరీ దయ. దాన్ని ముందు పెట్టుకుని ఆయన చెప్పింది చెప్పినట్టు మార్చి కంపెనీకి మెయిలు కొట్టేవాణ్ణి.

"మహారాజశ్రీ ఆట కంపెనీ దొరవారి సముఖమునకు. నిన్న సాయంత్రం అయిదు గంటల పది నిమిషాలకు మీ సర్వరు కదలక మెదలక నిలబడిపోయినది. విచారించగా, మీ ఆటకు పేరెక్కువై జనమెక్కువైనారు. కావున తమరు దయతో ఆటను కొంత చెడగొట్టి, సగంమందిని వెళ్లగొట్టవలెనని ప్రార్థన."

"చెడగొట్టమంటే ఒప్పుకుంటారా దాసన్నా?"

"ఎందుకొప్పుకోరు? బాగుజేయమంటేనే కదప్పా శానా దినాలు పట్టేది. చెడగొట్టేదానికి ఎంతసేపు?"

కంపెనీ నుంచి జవాబు లేదు. దాంతో జనాన్ని తగ్గించే పని ఆయనే మీదేసుకున్నాడు. కొత్తవాడెవడైనా గుమ్మం ఎక్కితే చాలు, ఎదురెళ్లేవాడు.

"యాడికప్పా? కోటాటకా? శానా దరిద్రంగా ఉండాది. పో, పోయి కబడ్డీ ఆడుకో."

"దాసన్నా, వచ్చిన గిరాకీని నువ్వే తరిమేస్తాండావు!" అని ప్రదీప్ తల పట్టుకునేవాడు.

"నీ మంచికేనప్పా. నలుగురు తగ్గితే సర్వరు కదుల్తాది."

ఇక ఏసుకుమార్ సంగతి చెప్పాలి. నాపరాళ్ల పాలిషింగు మిషన్‌లో కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. తర్వాత ఏడాదిపాటు గడప దాటలేదు. పక్కింటి దాసన్న ఒకనాడు "మా ఇంట్లో ఫ్యాను పనిచేయలేదు, రారా, చల్లగాలికి పోదాం" అని నెట్ సెంటర్‌కు లాక్కొచ్చాడు. ఎడమచేత్తో మౌసు తిప్పడం అక్కడే నేర్చుకున్నాడు. జట్టులో అతను వైద్యుడు. దెబ్బ తిన్నవాళ్లకు మందు పోసి లేపాలి. నెలలోపే అతను నవ్వడం విన్నాను. వేళ్లు పోయిన చెయ్యి మాత్రం రుమాలు చుట్టుకుని ఒళ్లోనే ఉండేది.

ఒక ఆదివారం పెద్ద పోటీ. గెలిచినవాళ్లు కర్నూలు, కడప జిల్లాల జట్లన్నిటితో తలపడతారు. నాలుగు గంటలకు మొదలు. జట్టు పెద్ద ప్రదీపే, పొద్దుట్నుంచి నీళ్లు కూడా తాగలేదు. గుమ్మంలో ఆలూరు నుంచి అక్క ఇంటికి వచ్చిన ఉరుకుందు నిలబడున్నాడు. వేళ్లు టపటపలాడిస్తే కీబోర్డు పొగలు కక్కుతుందని పేరు. ఖాళీ ఉంటే కూచుందామని వచ్చాడు. ఖాళీ లేదు, ఆరుగురూ ఉన్నారు.

నాలుగుకు పది నిమిషాలుందనగా మెయిలు వచ్చింది. కంపెనీ జవాబు! ప్రింటు తీసి చదివాను. గబగబా మడిచేశాను.

"ఏమంటారప్పా దొరలు?" దాసన్న పీట మీదినుంచి లేచాడు.

"ఆఁ... నమస్కారాలు చెప్పారు."

"రెండు పేజీల నమస్కారాలా?" ప్రదీప్ నా చేతిలోంచి లాక్కున్నాడు. అతనికి నాకంటే బాగా ఇంగ్లీషు వచ్చు. పైకే చదివి, తెలుగులో చెప్పాడు. దాసన్న ఇచ్చిన నలభై ఒక్క తేదీలూ పరిశీలించారట. ఆ సమయాల్లో సర్వరు ఒక్క క్షణం కూడా ఆగలేదట.

ప్రదీప్ కాగితం బల్ల మీద పెట్టాడు.

"సర్వరు ఆగకపోతే..." ప్రదీప్ మెల్లగా అన్నాడు, "మరి ఆగింది ఎవరు?"

ఎవరూ ఏసుకుమార్ వైపు చూడలేదు. అందరూ అంత కష్టపడి చూడకుండా ఉండటంతో అతనికి అర్థమైపోయింది. రుమాలు బిగించుకుని లేచాడు.

"ఇన్నాళ్లూ సర్వరే అనుకుంటి అన్నా. నేనే ఆగుతాంటి అన్నమాట. ఉరుకుందును కూచోబెట్టు, నేను పోతా."

ఉరుకుందు బ్యాగు కింద పెట్టాడు. ప్రదీప్ కాదనలేదు. గోడ గడియారం వైపు చూశాడు. ఏడు నిమిషాలు.

దాసన్న ముక్కాలిపీట తీసుకెళ్లి, సరిగ్గా గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూచున్నాడు.

"ఏమప్పా ప్రదీపూ, ఆ కాగితంలో ఉండేది నిజమే అనుకో. కాలువ మీద కూడా అంతే. చివరి తూము రైతు నీళ్లు రాలేదంటాడు. పైన ఇంజనీరు పుస్తకం తీసి, వదిలినాం, ఇదో రాసిండాది, అంటాడు. ఇద్దరూ నిజమే చెప్తాండారు. వదిలినాయి, చేరలేదు. అప్పుడు నేనేం జేస్తాంటి?"

"ఏం జేస్తాంటివి?"

"చివరి రైతును ఊరిడిచి పొమ్మంటి అనుకుంటివా? పై తూములు రోంతసేపు మూస్తాంటి. నీళ్లు కిందికి పోతాయి. మీరు అయిదుగురూ పై తూములోళ్లు. ఆట మొదలైతానే కోట దాటి ఉరుకుతారు. మందు పోసేవాడు ఈడ, దెబ్బ తినేవాళ్లు ఆడ! వాడు మిమ్మల్ని చేరేలోగా చచ్చిపోతాండారు."

"ఆగితే వాళ్లు మమ్మల్ని కొడతారు దాసన్నా!"

"ఇప్పుడు ముద్దు పెట్టుకుంటాండారా?"

ఉరుకుందుకే నవ్వొచ్చింది. ప్రదీప్ నవ్వలేదు. ఏసుకుమార్ ఖాళీ చేసిన కుర్చీని చూశాడు, గడియారాన్ని చూశాడు. రెండు నిమిషాలు.

"ఏసూ, కూచో. ఓడితే మాత్రం దాసన్నా, నీ మీద నేను రాస్తా అర్జీ."

ఆట మొదలైంది. అలవాటు కొద్దీ అయిదుగురూ ముందుకురికారు. వెనకనుంచి ఒకటే కేక.

"పై తూములు మూయండి!"

అయిదు చేతులు మౌసుల మీదనుంచి లేచాయి. అలా చేతులు కట్టుకుని తన్నులు తినడం ఎంత కష్టమో ప్రదీప్ ముఖంలో చూశాను. తెర మీద ఏసుకుమార్ బాణం గుర్తు నింపాదిగా పాకుతూ ఒకడి దగ్గరికి వెళ్లింది. మందు పోసింది. ఇంకొకడి దగ్గరికి. "ఇప్పుడు తీయండి!" అయిదుగురూ లేచి విరుచుకుపడ్డారు. మళ్లీ మూత, మళ్లీ తీత. అరగంట నేను ఒక్క జిరాక్స్ కూడా తీయలేదు. ఆట ముగింపు గంట మోగేసరికి మా కోట తలుపు ఒక్క చెక్క మీద వేలాడుతోంది. కానీ నిలబడింది. ఉరుకుందు బ్యాగు అక్కడే మరిచిపోయి ఏసుకుమార్‌ను ఎత్తుకున్నాడు.

అందరూ టీకి పోయాక అడిగాను. "దాసన్నా, సర్వరు బాగానే ఉందని నీకు ముందే తెలుసు గదా?"

"సర్వరంటే ఏందో నాకు ఈ దినానికీ తెల్దప్పా. మనిషా, మిషనా?"

"మరి దాన్నెందుకు తిట్టినావు?"

"తప్పు ఎవరో ఒకరి మీద ఏయాల కదా. ఈడ కూచున్నోని మీద ఏస్తే వాడు ఇంటికి పోయి మళ్లా తలుపేసుకుంటాడు. ఆ సర్వరుకైతే యాడుండాదో ఏమో, ఇల్లూ లేదు, తలుపూ లేదు."

ఆ గెలుపుతో మేం ఆకాశానికేమీ ఎగరలేదు. మరుసటి ఆదివారం కడప జట్టు మమ్మల్ని ఉతికి ఆరేసింది. ఆ ఆట మధ్యలోనే ఏసుకుమార్ బాణం గుర్తు కదలకుండా నిలిచిపోయింది. దాసన్న నోరు తెరిచేలోగా ప్రదీప్ అరిచాడు.

"సర్వరు! ఈ సర్వరు పాడుగాను!"

"కాదన్నా," అన్నాడు ఏసుకుమార్, తెర మీంచి కళ్లు తిప్పకుండానే. "ఇది నేనే. రోంత ఆగండి."

అయిదుగురూ ఆగారు. రుమాలు కింద పడి ఉంది, ఎవరూ తీయలేదు, అతనూ అడగలేదు. దాసన్న ఒక్కడే, చేసేదేమీ లేక, ఫ్యాను వైపు తలెత్తి కాసేపు చూశాడు.

"ఏమప్పా జిరాక్సూ, ఇది శానా నిదానంగా తిరుగుతాండాది. కాగితం తీయ్."