గషూషా బిలంలోకి దిగిన రోజు

గషూషాకు భయమంటే తెలియదని సాంతగ్రాసి ఊరంతా అనుకునేది. పొగమంచులో కళ్లు మూసుకుని కొండెక్కేది, పూజారితోనైనా వాదనకు దిగేది. యాభై ఆరేళ్లు వచ్చాక కూడా ఎవరైనా పెళ్లి మాటెత్తితే, తనతోపాటు నూట ఇరవై మంది మరదళ్లను భరించే మగాడు దొరికితే చెప్పమనేది. ఆ నూట ఇరవై మందీ ఆమె నల్లమూతి గొర్రెలే.

నిజానికి ఆమెకు భయం ఒకటుంది. ఆ కొండలు పైకి రాయే గానీ లోపలంతా జల్లెడ. చిన్నప్పుడు తండ్రి ఆమెను ఒక బిలం అంచున బోర్లా పడుకోబెట్టి లోపలికి రాయి విసిరాడు. రాయి పడిన చప్పుడు వినిపించలేదు. ఆ రోజు నుంచి ఏ బిలం కనిపించినా ఆమె చుట్టూ తిరిగి పోయేది. ఈ సంగతి తెలిసినవాడు అన్న అల్లాందే ఒక్కడే. అతను రోజుకు పది మాటలు మించి ఖర్చు పెట్టే మనిషి కాదు కనుక గుట్టు బయటపడలేదు.

ఏటా వేసవిలో గుహలు వెతుక్కుంటూ బిల్బావో నగరం నుంచి ఒక జట్టు వచ్చేది. జట్టుకు పెద్ద నెకానే అనే ముప్పై ఏళ్ల అమ్మాయి. ఒక ఏడాది వాళ్లు కంచె తలుపు వేయడం మరిచిపోతే గొర్రెలన్నీ పక్కవాళ్ల గడ్డిచేలో పడ్డాయి. గషూషా ఊరి సత్రం నడిమధ్య నిలబడి, కన్నాల్లో దూరే ఎలకలకు తలుపులతో పనేముంటుందని దులిపేసింది.

మరుసటి జూన్‌లో రెండు రోజులు పొగమంచు కమ్మింది. అది విడిచాక చూస్తే మంద ముందు నడిచే గంటగొర్రె బెల్చా లేదు. గషూషా దాన్ని పేరు పెట్టి పిలుస్తూ వాలంతా గాలించింది. చివరకు గంట మోగింది, కాళ్ల కింద ఎక్కడో.

"పోయిందనుకో. ఒక్కటే కదా," అన్నాడు అల్లాందే.

"నువ్వు పడ్డా ఇదే మాట అనమంటావా?" అని ఆమె గుడిసెలోకి వెళ్లింది. పోయినేటి చీజు దిమ్మ ఒకటి చంకన పెట్టుకుని కొండ దిగింది.

సత్రం ముందు తాళ్లు ఆరబెట్టుకుంటున్న నెకానే ఆమెను చూసి లేచి నిలబడింది. గషూషా చీజు బల్లమీద పెట్టి, గొర్రె పడిన సంగతి గోడకు చెప్తున్నట్టు చెప్పింది.

"ఎలకలతో ఏం పని పడింది పెద్దమ్మా?" అంది నెకానే, నవ్వు ఆపుకుంటూ.

"మంచి ఎలకలని విన్నాలే. పద."

సగం చీజు అక్కడే అయిపోయింది, మిగతా సగం దారిలో. మధ్యాహ్నానికల్లా నెకానే బిలంలోకి దిగింది. ముప్పై మీటర్ల లోతున, అరుగులాంటి రాతి మీద బెల్చా నిలబడి ఉంది. దెబ్బ తగల్లేదు. కానీ కొత్త మనిషిని చూడగానే కొమ్ములు దించి కుమ్మబోయి, అంచు దాకా వెళ్లిపోయింది. నెకానే పైకి వచ్చి, తెలిసినవాళ్లు దగ్గరుంటే తప్ప అది పట్టుబడదని చెప్పింది.

అందరూ అల్లాందే వైపు చూశారు. అతను చెల్లెలి వైపు చూశాడు. "నా గొంతు దానికి గిట్టదు," అన్నాడు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

గషూషా నడుముకూ తొడలకూ పట్టీలు బిగించుకుంది. హెల్మెట్ తలకు పట్టక జడ విప్పాల్సి వచ్చింది. దిగుతున్నంతసేపూ కళ్లు మూసుకుని, పక్కనే మరో తాడు మీద దిగుతున్న నెకానేను తిడుతూనే ఉంది. ఎలా పుట్టావనీ, ఏం తిని పెరిగావనీ, మీ అమ్మ నిన్నెలా వదిలిందనీ అడిగింది. నెకానే అన్నిటికీ ఓపికగా జవాబులిచ్చింది. అరుగు మీద కాలు ఆనగానే గషూషా కళ్లు తెరిచి, రోజూ పాలు పితికేటప్పటిలాగే నాలుకతో చప్పుడు చేసింది. బెల్చా నేరుగా వచ్చి ఆమె పొట్టలో మూతి దూర్చింది.

"సిగ్గులేనిదానా," అందామె, దాని చెవులు పట్టుకుని.

గొర్రెను గోతంలో కట్టి పైకి పంపారు. తర్వాత వంతు ఆమెది. తాడు వచ్చినా ఆమె కదల్లేదు. దీపం అటూ ఇటూ తిప్పి చూస్తోంది. పాలు కారి గడ్డకట్టినట్టున్నాయి గోడలు. కింద ఎక్కడో పెద్ద నీటి హోరు. ఆ నీరే కకుఎతా లోయలో బయటపడుతుందని నెకానే చెప్పింది. ఆ లోయలో చిన్నప్పుడు తాను ఈతకొట్టిన నీళ్లు ఇన్నాళ్లూ తన మంద కిందనుంచే పోతున్నాయని తెలిసి గషూషా దీపాన్ని ఆ హోరు వైపు వంచింది.

ఆ ఆదివారం సత్రంలో గషూషా చెప్పేసరికి బిలం లోతు అరవై మీటర్లయింది. మరో వారానికి నూరు దాటింది. "ముప్పై," అనేవాడు అల్లాందే ప్రతిసారీ.

తర్వాతి వేసవిలో ఆమే జట్టువాళ్లను అడిగి, ఆ కొండల కిందే ఉన్న పెద్ద గుహలోకి వెళ్లింది. నాలుగు గంటలు నడిచాక చీకటి నది ఒడ్డున కూర్చుని అందరూ రొట్టె తిన్నారు. ఇంకా ఎంత దూరముందని గషూషా అడిగింది. అక్కడినుంచి అవతలకు ఇంతవరకూ ఎవరూ వెళ్లలేదంది నెకానే.

"ఎవరూ వెళ్లలేదని కూర్చుంటే ఎట్లా?" అంటూ గషూషా రొట్టె పొడి దులుపుకుని లేచింది.