రాగి గంగాళంలో సముద్రపు నీళ్లు

ఇన్నేళ్లుగా నా గుండెల మీద ఒక మనిషి బరువు ఉంది. అతని పేరు ఎల్లయ్య. మీరు నన్నెరగరు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

అవి నిజాం రాజ్యం చివరి రోజులు. నా భర్త పోయాక అన్నయ్య నన్ను బందరు నుంచి కొండాపూర్ దగ్గరి తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. వెనక గదిలో ఆరు గాజు జాడీల్లో సముద్రపు నీళ్లు పోసి, నువ్వుగింజలో సగం కూడా లేని రొయ్యజాతి పురుగుల్ని పెంచేవాడు. వాటిని చూసుకోవడం నా పని. ఎండకు తగ్గిన మేరకు బావినీళ్లు జాడీ మీది గీత దాకా పోయాలి. మేతకు పాచి పట్టిన పచ్చనీళ్లు రెండు గరిటెలు. రాగి మాత్రం సోకకూడదు, అది వాటికి విషమని అన్నయ్య మొదటి రోజే చెప్పాడు.

గొడవలు ముదిరి బందరు నుంచి నీళ్లు తెచ్చే రైళ్లు ఆగిపోయాయి. మిగిలింది ఒక్క కుండెడు. ఒక ఉదయం ఆ కుండ బీటవారి కారసాగింది. గాభరాలో పక్కనున్న రాగి గంగాళంలోకి వంపేశాను. తర్వాత ఇంకో కుండలోకి మార్చొచ్చు కదా? మరిచిపోయానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. మరవలేదు. కుండ పగిలిన సంగతి అన్నయ్యతో చెప్పాల్సి వస్తుందని రేపు, ఎల్లుండి అంటూ జరిపాను. మూడో రోజు ఆయన జాడీల్లో కొన్ని నీళ్లు మార్చమన్నాడు. ఆ నీళ్లే పోశాను. సాయంత్రానికి ఆరింటిలోనూ కదలిక లేదు. అడుగున తెల్లటి నలుసులు.

తోటపని చేసే ఎల్లయ్య ముందురోజే ఆ గదికి సున్నం వేశాడు. తన ఊళ్లో బతకలేక, భార్యతో వచ్చి మా పాకలో తలదాచుకున్న మనిషి.

"వీటిలో సున్నం పడిందా?" అన్నాడు అన్నయ్య.

"గోనెపట్ట కప్పినంకనే ఏసిన, దొరా. ఒక్క సుక్క పడలే. అమ్మనడుగుండ్రి," అన్నాడు ఎల్లయ్య.

అన్నయ్య నా వైపు తిరిగాడు. "చూశావా అమ్మాయ్?"

"నేను చూడలేదు అన్నయ్యా."

చూశాను. ఆ గోనెపట్టా రెండో కొస పట్టుకున్నది నేనే.

ఎందుకన్నాను? అన్నయ్య పొమ్మంటే నాకు దిక్కు అత్తవారి వంటగది, అక్కడి మాటలు. అది నిజమే. కానీ ఎల్లయ్యకు ఆ పాటి గది కూడా లేదని నాకు తెలియదా? అన్నయ్య పొమ్మనడంతో మర్నాడు పొద్దున అతను మూట నెత్తిన పెట్టుకుని, భార్యను వెంటబెట్టుకుని బాలానగర్ దారి పట్టాడు. నా వైపు చూడలేదు. కోపమో, నేను చెబుతానని ఎదురుచూడటం అప్పటికే మానేశాడో. తర్వాత వాళ్లేమయ్యారో ఎవరికీ తెలియలేదు.

రైళ్లు నడిచాక అన్నయ్య మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి నా చేతిలో ఏ జాడీలోనూ పురుగులు చావలేదు. వచ్చినవాళ్లందరికీ మా చెల్లెలి చలవేనని జాడీలు చూపించేవాడు. అలా మెచ్చుకున్న ప్రతిసారీ చెప్పే దారి ఇంకాస్త మూసుకుపోయేది. ఆయన మంచాన పడ్డాక చెప్పాలని పక్కన కూర్చున్నాను. జాడీలకు మేత వేశావా అని అడిగాడు. వేశానన్నాను. అంతే.

క్షమించమని అడగను. ఈ మాట వినాల్సినవాళ్లు మీరు కారు. అయినా రాశాను. ఊపిరి కొంచెం లోపలిదాకా వెళ్తోంది.