తలుపు లేని ఇంట్లో ఎలిజబెత్ అక్క

జ్ఞానయ్య బావ బొగ్గుబావి నుంచి రిటైరైన రోజు మెడలో దండతో, చంకలో గోడగడియారంతో ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఇక ఇల్లు మారాలని గుర్తు చేసినప్పుడల్లా ఆయన చెప్పిన మాట ఒక్కటే: "దేవుడు చూసుకుంటడు."

సెంటినరీ కాలనీలో వాళ్ళ క్వార్టర్, మా క్వార్టర్ ఒకే గోడకు అటూ ఇటూ. ఇన్నేళ్ళ పరిచయంతో చెబుతున్నాను, బావ దేవుడికి అప్పజెప్పని పని లేదు. కుళాయి కారినా దేవుడే, సిలిండర్ అయిపోయినా దేవుడే. చేసేది మాత్రం ఆయన భార్య ఎలిజబెత్ అక్క. ఆమె భక్తి వేరే రకం. పొద్దున్నే ప్రార్థన చేసుకుని, ఆమెన్ అన్న నోటితోనే ప్లంబర్‌కు ఫోన్ చేసేది. అంగన్‌వాడీలో పిల్లలను అదుపులో పెట్టిన మనిషి. చూడ్డానికి బక్కగా ఉంటుంది కానీ గొంతెత్తితే వెనక లైన్ల వాళ్ళకు కూడా వినపడుతుంది.

రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలని అందరికీ తెలుసు. అందుకే అక్క ముందుచూపుతో గోదావరిఖని చివర సంపత్ అనే బిల్డర్ దగ్గర ఇల్లు కొనిపించింది. నాలుగిళ్ళ వరుసలో మొదటిది. సంపత్‌ను బిల్డర్ అనడానికి నాకు నోరు రాదు. ఇస్త్రీ చొక్కా, రెండు ఫోన్లు. సైటుకొస్తే కారు దిగడు. అద్దం దించి, "వచ్చే ఆయితారం పక్కా, అక్కా" అంటాడు, అద్దం ఎక్కించుకుని పోతాడు. ఏ ఆదివారమో ఆ అద్దానికే తెలియాలి.

మొదటి ఆదివారానికి అక్క ఇల్లంతా మూటలు కట్టింది. ముందురోజు సంపత్ ఫోన్: "అక్కా, బండలు ఇంకా సెట్ కాలె." మూటలు విప్పింది. మళ్ళీ ఒక తేదీ చెప్పాడు, మళ్ళీ కట్టింది. ఈసారి మేస్త్రీలు ఊరికి పోయారట. ఈ రెండుసార్లూ మూటలు కట్టే రోజున బావకు నడుము పట్టేసింది. ప్రయాణం ఆగిందని తెలియగానే రెండుసార్లూ నడుము వదిలేసింది.

ఇది చాలదన్నట్టు సదయ్య ఒకడు. బావ తర్వాత ఆ క్వార్టర్ అతనికే ఇచ్చారు. ఖాళీ చేయడానికి గడువు ఇంకా ఉంది. కానీ సదయ్య రోజూ సాయంత్రం భార్యను వెంటబెట్టుకుని దిగేవాడు. వాళ్ళు లోపలికొచ్చి, అక్క అన్నం తింటుంటే ఆమె తలమీదుగా చెయ్యి చాపి, టీవీ ఎక్కడ పెట్టాలో మాట్లాడుకునేవాళ్ళు. ఒకరోజు ఏకంగా కొత్త ఫ్రిజ్ తెచ్చి వరండాలో దింపాడు.

"ఊకె ఖాళీగున్నది గదా అక్కా, పెట్టుకుంటున్న."

"పెట్టుకో తమ్మీ" అంది అక్క.

మరునాడు ఆ ఫ్రిజ్ మీద మిరపకాయలు ఎండబెట్టింది. సదయ్య భార్య లబోదిబోమంది.

"కొత్త ఫ్రిజ్ మీద మిరపకాయలేంది?"

"ఊకె ఖాళీగున్నది గదా చెల్లె."

మా కాలనీలో సగం మంది దాన్ని గయ్యాళితనం అన్నారు. వాళ్ళే రోజూ వచ్చి "ఓపిక పట్టాలె ఎలిజబెత్" అని చెప్పి, ఆమె కాచిన చాయ్ తాగిపోయేవాళ్ళు. ఒక మూట మోద్దామని ఒక్కరు వంగలేదు.

చివరికి సంపత్ మూడో తేదీ ఇచ్చాడు. సామాను మోయడానికి డీసీఎం బండి వచ్చింది. నేనూ ఎక్కాను. మా బండి మలుపు తిరక్కముందే సదయ్య వాళ్ళు పాలగిన్నెతో లోపలికి దూరడం అద్దంలో కనిపించింది. ఇక వెనక్కి పోయే దారి లేదు.

కొత్త ఇంటి ముందు దిగి చూస్తే దర్వాజ చట్రం ఉంది, తలుపు లేదు. లోపల సిమెంటు బస్తాలు, ఒక నిచ్చెన, చల్లగా పడుకున్న ఒక కుక్క. సంపత్‌కు ఫోన్ చేస్తే కరీంనగర్‌లో ఉన్నానన్నాడు.

బావ డీసీఎం ముందు సీట్లోంచే చెప్పాడు. "వాపసు పోదాం. ఇది దేవుని చిత్తం గానట్టున్నది."

"చిత్తం సంగతి తర్వాత. ముందుగాల నువ్వు బండి దిగు" అంది అక్క.

సామాను దింపించింది. బీరువాను దర్వాజకు అడ్డంగా పెట్టించింది. పక్కన మిగిలిన సందుకు దుప్పటి కట్టింది. అదే తలుపు. అప్పటి నుంచి సంపత్ రెండు ఫోన్లూ ఎత్తలేదు. బావ గోడకు గడియారం తగిలించుకుని దాని కింద కుర్చీ వేసుకున్నాడు.

నాలుగైదు రోజుల తర్వాత కూర తీసుకుని పోయాను. అక్క బియ్యం బస్తా మీద కూర్చుని ఉంది. ముందు అన్నం గిన్నె బోర్లా పడి ఉంది. దుప్పటి తోసుకుని కుక్క లోపలికొచ్చి మూతి పెట్టిందట. బావ ఆ గదిలోనే కునుకు తీస్తున్నాడు.

"గిట్లుంటదా యమునా? ఇన్నేండ్లు ఒక్కతాన ఇజ్జత్‌తోటి బతికి, ఇప్పుడు కుక్కతోటి కొట్లాడి అన్నం తినాల్నా?" అని ఏడ్చింది. ఆమె ఏడవగా చూడటం నాకదే మొదలు. నేను చర్చి మనిషిని కాను, మేడారం తల్లులకు బెల్లం మొక్కేదాన్ని. అయినా ఆ పూట వాళ్ళ దేవుడి మీద నాకే కోపం వచ్చింది.

"పోలీస్ స్టేషన్‌కు పోదాం నడు అక్కా" అన్నాను.

ఆమె లేచి, మొహం కడుక్కుని వచ్చింది. "సంపత్ మీద నాకు నమ్మకం లేదు. దేవుని మీద ఉన్నది. ఇద్దరిని ఒక్కతాన కూసోబెడ్త" అంది.

బుధవారం చర్చి ఆడవాళ్ళ ప్రార్థన ఆ ఇంట్లోనే పెట్టింది. సంపత్ బుధవారాలు మిగతా ఇళ్ళు చూపించడానికి మనుషులను తెస్తాడని పక్క ఇల్లు కడుతున్న మేస్త్రీ ద్వారా అక్క కనుక్కుందని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు బసంత్‌నగర్ నుంచి ఒక జంటను తెచ్చాడు. కొనేవాళ్ళున్నారు కాబట్టి కారు కూడా దిగాడు. మూడో ఇంటి ముందు నిలబడి చేతులు ఊపుతున్నాడు.

అక్క బీరువా పక్కకు జరిపించి, దుప్పటి తీసేసి, మోకరించి కళ్ళు మూసుకుంది. అంగన్‌వాడీ గొంతు ఎత్తింది.

"ప్రభువా, ఈ నాలుగిండ్లు కడుతున్న నీ బిడ్డ సంపత్‌ను జ్ఞాపకం చేసుకో. ఆయితారం అంటే ఏ దినమో ఆయనకు తెలుస్తలేదు, తెలియజెయ్యి."

"ఆమెన్" అన్నారు ఆడవాళ్ళు.

"తలుపు లేని ఇల్లు చేతుల పెట్టిండు, క్షమించు. బాత్రూం గోడ చెమ్మ పట్టింది, ఆరబెట్టు. నీళ్ళు మోరీలకు పోక అర్రలకే వస్తున్నయి, వాటికి తొవ్వ చూపియ్యి."

"ఆమెన్."

బసంత్‌నగర్ ఆమె మెల్లగా నడిచొచ్చి దర్వాజ దగ్గర నిలబడింది. లోపలికి చూసింది. "బాత్రూం గోడ మనకు చూపియ్యలేదేంది?" అని భర్తను అడిగింది.

సంపత్ పరుగెత్తుకొచ్చాడు. ఆ మనిషి పరుగెత్తగలడని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"అక్కా, అక్కా, నీకు దండం పెడ్త. నా పేరు తియ్యకు, అందరు ఇంటుండ్రు."

అక్క కళ్ళు తెరవలేదు. "ఆయనకు చెవులిచ్చినవు, స్తోత్రం" అంది. ఆమెన్ చెప్పాక తీరిగ్గా లేచి చీర సర్దుకుంది. "మంచిగొచ్చినవ్ సంపత్. వచ్చే బుధవారం సుత ప్రార్థన ఈడనే. తప్పక రా."

బసంత్‌నగర్ వాళ్ళు మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళిపోయారు. వాళ్ళ మొహాలు చూస్తే వచ్చేలా లేరు. ఆ సాయంత్రమే వడ్రంగి తలుపు మోసుకొచ్చాడు. మరునాడు మేస్త్రీలు బాత్రూం గోడ పగలగొట్టి మళ్ళీ కట్టారు. సంపత్ దగ్గరుండి చేయించాడు, ఇస్త్రీ చొక్కా మీద సిమెంటు పడుతున్నా అక్కడి నుంచి కదలలేదు.

ఆదివారం చర్చిలో బావ లేచి సాక్ష్యం చెప్పాడట. నేను ఓపికతో కనిపెట్టుకుని ఉన్నాను, దేవుడు నా ఇంటికి తలుపు నిలబెట్టాడు అని. ఆడవాళ్ళ వైపు నుంచి చిన్న దగ్గు వినపడిందట.

ఆ మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి బావ స్టూలెక్కి కిటికీ అద్దాలకు అంటిన సిమెంటును బ్లేడుతో గీకుతున్నాడు. మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు.

"ఏంది బావా, నడుం మంచిగైందా?" అన్నాను.

లోపలి నుంచి అక్కే జవాబు చెప్పింది. "తలుపు దేవుడు పెట్టిండట. కిటికీలు ఈయనను చూసుకొమ్మన్నడు."