చెమట పట్టే కుండ

ఆ మార్చి నెలంతా పొద్దున లేవగానే నేను చేసిన మొదటి పని, వసారాలో ఉన్న బానలో చెయ్యి పెట్టి చూడడం. నీళ్ళు చల్లగా తగిలితే ఊపిరి పీల్చుకునేదాన్ని. కాస్త గోరువెచ్చగా తగిలాయంటే ఇక ఆ రోజు నాకు అన్నం సహించేది కాదు. మా ఆయన పక్క దులుపుకుంటూ, "ఏమ్మే, నీ బిడ్డకు జొరం తగ్గిందా?" అని ఎగతాళి చేసేవాడు. ఆయనకది నవ్వులాట. ఆ బానలో రెండు వంగమొక్కలు ఉన్నాయి. ఆ రెండూ పోతే మా అత్త పుట్టింటి నుంచి తెచ్చుకున్న వంగ విత్తనం ఇంక ఎవరి దగ్గరా లేదు.

మా అత్తది వెంకటమ్మనహళ్ళి. పెళ్ళయి మా పల్లెకు వచ్చేటప్పుడు వాళ్ళమ్మ కొంగున కట్టి పంపిన విత్తనం అది. కాయ పొట్టిగా, తెల్లచారలతో, తొడిమె నిండా ముళ్ళతో ఉంటుంది. చూపుకు ఏమంత బాగుండదు. పచ్చి వేరుశెనగపప్పు నూరిపోసి కూర చేస్తే మాత్రం, అన్నం చాలలేదని మగవాళ్ళు గొణిగేవాళ్ళు. ఏటా బావి పక్కన ఒక మడి వేసి, మంచి కాయ ఒకటి చెట్టునే పండనిచ్చి, విత్తనం తీసి బూడిదలో కలిపి సొరబుర్రలో దాచేది మా అత్త.

తర్వాత బావి ఎండింది. వేసిన వేరుశెనగే ఊడలు దిగకముందే మాడిపోతుంటే వంగమడికి నీళ్ళెవరు పోస్తారు? వానలేని ఏళ్ళు వరసగా వచ్చాయి. చివరికి ఒకరోజు సొరబుర్ర దించి, ఉన్న విత్తనమంతా నారు పోస్తే, ముసలి విత్తనం కాబట్టి మొలిచినవి కొన్నే. వాటిని కుండీల్లో నాటితే ఒక్కొక్కటే తల వాల్చేసింది. పీకి చూస్తే వేరు కుళ్ళిపోయి ఉంది. తెగులు మట్టిలోనే ఉంది. ఇంకా నాటనివి రెండే మిగిలాయి. మా అత్త ఆ రెంటి ముందు కూర్చుని, "ఇంగ వీటిని యాడ పెట్టేదప్పా?" అంది. ఆమె గొంతు అంత చిన్నగా రావడం నేను అంతకుముందు వినలేదు.

నేను పావగడలో హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. మట్టి లేకుండా, లవణాలు కలిపిన నీళ్ళలో మొక్క పెరుగుతుందని ఏటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేదాన్ని. ఒక్కసారీ పెంచి చూసింది లేదు. ఇప్పుడు తెగువ వచ్చింది. ద్రాక్షతోటలో పనిచేసే మా తమ్ముడు నీళ్ళలో కరిగే ఎరువు పొట్లం ఇచ్చాడు. వేరుశెనగకని తెచ్చి, వాన రాక చల్లకుండా మిగిలిన జిప్సం మూట ఇంట్లోనే ఉంది. సంతెలో కొత్త బాన కొన్నాను. మూతకు బదులు చెక్కపలక ఒకటి పెట్టి, దానికి రెండు బెజ్జాలు చేసి, వేళ్ళు ఎరువూ జిప్సమూ కలిపిన నీళ్ళలో వేలాడేట్టు మొక్కల్ని నిలబెట్టాను. పొద్దునా సాయంత్రం చెంబుతో నీళ్ళు తీసి పైనుంచి ధారగా పోసేదాన్ని. వేళ్ళకు గాలి అందాలి కదా.

"నీళ్ళల్లో ఉండేది కప్ప. వంగచెట్టు యాడన్నా ఉంటాదా?" అంది అత్త.

ఉంది. వేళ్ళు తెల్లగా, సేమ్యాల్లాగా దిగాయి. కొత్త ఆకులు వచ్చాయి. నేను స్కూలుకు పోయాక అత్త వీధిలో ఆడవాళ్ళను పిలిచి పలక ఎత్తి చూపిస్తోందని నాకు తెలిసింది.

అసలు భయం ఎండతో మొదలైంది. నీళ్ళు వేడెక్కితే వాటిలో గాలి నిలవదు, వేళ్ళు ఊపిరాడక కుళ్ళుతాయి. మట్టిలో అయితే లోపలైనా కాస్త చల్లదనం ఉంటుంది. ఇక్కడ ఉన్నదల్లా ఒక బానెడు నీళ్ళు. మా వైపు మార్చి ఎండ అంటే రాతి గుట్టలు పగలంతా కాగి సాయంత్రం కూడా సెగ కక్కుతాయి. నాకున్న దిక్కు ఒకటే, ఆ మట్టిబాన. దానికి చెమట పడుతుంది. నీళ్ళు సన్నగా బయటికి ఊరి, గాలికి ఆరిపోతూ లోపలివాటిని చల్లబరుస్తాయి. అది నీడన, గాలి ఆడే చోట ఉండాలి. అందుకే వసారాలో ఇసుక పోసి దాని మీద పెట్టాను. స్కూల్లో పాఠం చెబుతున్నా మనసు బాన చుట్టూనే తిరిగేది. బస్సు దిగి ఇంటికి నడిచేటప్పుడు కాళ్ళు వాటంతటవే వేగం అందుకునేవి.

మా అత్త బాధ వేరు. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తే బిందెల కొట్లాట. వీధి నల్లి తిప్పి నీళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో. అంట్లు తోమిన నీళ్ళు కొట్టంలో ఎనుముకు, కాళ్ళు కడిగిన నీళ్ళు కరివేపాకుకు. అలాంటి మనిషి కళ్ళెదుట బాన పొద్దస్తమానం కారుతూ ఉంటే ఎలా తట్టుకుంటుంది? బాన కింద ఇసుక తడిగా ఉంటుంది. పైన ఉప్పు తెల్లగా పొరకడుతుంది.

"అమ్మాయ్, ఇది ఓటి బాన. మోసం చేసి అమ్మినాడు కుమ్మరాయప్ప."

"ఓటి కాదత్తా. అట్ల చెమట పడితేనే లోపల సల్లగా ఉంటాది."

"రోజుకు చెంబెడు పోతాండాది మే! చెంబెడు!"

నేను నచ్చజెప్పాననే అనుకున్నాను. ఆమె విన్నట్టే తలూపింది. మా ఇంట్లో తలూపడానికీ ఒప్పుకోవడానికీ పొత్తు లేదని అప్పటికే తెలిసి ఉండాల్సింది.

ఒకరోజు పరీక్షల పనితో ఆలస్యంగా వచ్చాను. అత్త వాకిట్లోనే ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది. చేతులు నల్లగా జిడ్డోడుతున్నాయి.

"రా, చూడు. ఇంగ ఒక్క చుక్క పోదు!"

బాన నిగనిగలాడుతోంది. వెనకటి రోజుల్లో బావి నుంచి ఎద్దులతో నీళ్ళు తోడే తోలుతిత్తి కారకుండా, మా మామ గుగ్గిలం, నూనె కాచి పూసేవాడట. ఆమె అదే గుర్తుపెట్టుకుని, పొద్దున నేను బస్సెక్కగానే బాన చుట్టూ రెండు పూతలు పూసింది. అడుగున ఇసుక పొడిగా ఉంది. అది చూపించి మురిసిపోయింది.

నేను చెయ్యి పెట్టాను. స్నానానికి కాచిన నీళ్ళలా ఉన్నాయి. పలక ఎత్తితే కుళ్ళు వాసన. వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే జారిపోతున్నాయి. ఒక మొక్క ఆకులన్నీ కిందికి వేలాడేసింది. రెండోది ఇంకా నిలబడే ఉంది, లోపల నాలుగు వేళ్ళు మాత్రం తెల్లగా.

నాకు కోపమొస్తే ముందూ వెనకా ఉండదు. "నీ ఇత్తనాన్ని నువ్వే ఉడకేసినావు! చెంబెడు నీళ్ళు మిగిలినాయి, పో, తాగు!" అని అరిచేశాను. ఆమె మొహంలో వెలుగు ఎలా పోయిందో ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. నల్లటి చేతులు చీరకు తుడుచుకుంటూ, "తడిసేది చూడలేక చేస్తినమ్మా," అంది.

సీకాయ, బూడిద, వేడినీళ్ళు వేసి బానను రుద్దాను. నూనె లోపలికంటా దిగిపోయింది, వదల్లేదు. తడిగోనె చుట్టి చూశాను. ఆ వడగాలికి గోనె అప్పడంలా ఎండేది, తడిపినకొద్దీ బిందె ఖాళీ అయ్యేది. మరో బాన తెద్దామంటే చెరువు ఎండి మట్టి తడవక కుమ్మరి కుండలు కాల్చే ఆవమే పెట్టలేదట, వానలు పడితేనే అన్నాడు. అప్పటికే వాలిన మొక్క మరునాడు తెల్లారేసరికే చచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, రెండోదాని పై ఆకులు కూడా మెత్తబడ్డాయి. నేను దాని ముందు కూర్చుని ఏం చెయ్యాలో తోచక చేతులు నలుపుకుంటున్నాను.

అప్పుడు లోపలి నుంచి ఇత్తడి బిందెలోకి నీళ్ళు వంచుతున్న చప్పుడు వినిపించింది.

మా ఇంట్లో తాగేనీళ్ళ కడవ ఒకటి ఉండేది. ఏటా శివరాత్రి దాటాక కొత్తది తెచ్చి, పసుపు పెట్టి, వంటింటి మూల పెట్టేది అత్త. అందులో ఎంగిలి చెంబు ముంచనివ్వదు. స్నానం చెయ్యనిదే ఆమె కూడా ముట్టదు. ఒకసారి మా ఆయన పొలం నుంచి వచ్చి ఉరుకులో చెయ్యి ముంచాడని కడవనే బయట పడేసింది. ఆ ఎండల్లో మాకున్న ఒకే ఒక్క సుఖం ఆ కడవనీళ్ళు. మధ్యాహ్నం ఆమె ఒక చెంబు తాగి, కళ్ళు మూసుకుని కాసేపు గోడకు ఆనుకునేది. అన్నం లేకపోయినా ఉండేదేమో గానీ, ఆ చెంబు లేకుండా ఉండేది కాదు.

ఆ కడవను చంకన పెట్టుకుని వచ్చింది. నా ముందు దించింది.

"దీంట్లో పెట్టు."

"అత్తా, ఎరువు నీళ్ళు పోస్తే ఇంగ ఇది తాగేదానికి పనికిరాదు. ఎండాకాలమంతా ముందుండాది."

"నాకు తెలీదా? పెట్టు మే. ఇదీ చెమట పడ్తాది గదా?"

కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, మిగిలిన నాలుగు వేళ్ళతో మొక్కను కడవ మూతిలో నిలబెట్టాను. తర్వాత వారమంతా ఆకు లేస్తుందా, వాలుతుందా అని ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ గడిపాం. ఇప్పుడు నా కంటే ముందే ఆమె లేచి కడవలో చెయ్యి పెట్టేది. "సల్లగుండాది, పండుకో," అని నాకు చెప్పేది. కడవ కింద ఇసుక తడిసినప్పుడల్లా ఆమె చూపు అక్కడికే పోయేది. పెదవి బిగబట్టుకుని పక్కకు తిరిగేది. ఆమె తాగే నీళ్ళు మాత్రం ఇత్తడి బిందెలో కాగి ఉండేవి. ఒక గుక్క తాగి మొహం ముడుచుకుని చెంబు దించేసేది. ఆ చెంబు చూస్తే నేను అరిచిన అరుపు నాకే వినిపించేది.

ఏప్రిల్ చివర్లో కొత్త వేరు వేసింది. మే నెలలో ఊదారంగు పూలు వచ్చాయి. పూత రాలినరోజు నాకు ఏడుపొచ్చింది, కాయ నిలిచినరోజూ ఏడుపే వచ్చింది. నిలిచింది ఒక్కటే. కోసి కూర చెయ్యమని మా ఆయన అన్నాడు, తల్లి చూసిన చూపుకు మళ్ళీ ఆ మాటెత్తలేదు. ఆ కాయ తెల్లచారలు పోయి, పసుపుపచ్చగా పండేదాకా ఆమె దాన్ని కనిపెట్టుకునే ఉంది. విత్తనం తీసి, బూడిదలో కలిపి, సొరబుర్ర మూతి బిగించి చూరుకు కట్టింది.

వానలు పడ్డాక కుమ్మరి మళ్ళీ సంతెకు వచ్చాడు. కొత్త కడవ తెచ్చి, పసుపు పెట్టి, నీళ్ళు నింపి వంటింటి మూల పెట్టాను. మరునాడు మధ్యాహ్నం మొదటి చెంబు అత్తకిచ్చాను. ఆమె వెంటనే తాగలేదు. కడవ పొట్ట మీద అరచెయ్యి ఆనించి చూసింది. చెయ్యి తడిసింది. కింద నేల కూడా తడిసి, సన్నటి ధార గడపవైపు పాకుతోంది. గుడ్డ పెడదామని నేను వంగాను.

"వద్దులే," అంది అత్త. "కారనీ."

అప్పుడు చెంబెత్తి తాగింది.